గాలికి వీపు పెట్టి చెరిగిన మనిషి

మొన్న మంగళవారం పొద్దున, మిల్లు కూత కూసే వేళకు మా యారాలు పోయింది. యారాలంటే నా మరిది భార్య. రోజూ కూతకు ముందే లేచే మనిషి ఆ రోజు కూత అయిపోయినా లేవలేదు.

పాడె కట్టకముందే మిల్లు గుమాస్తా వచ్చాడు. మంచి మనిషి అని తల ఊపి, "చుట్ట మానకపాయె" అన్నాడు. నా ఏడుపు అక్కడే ఆగింది. మా యారాలు జన్మలో చుట్ట ముట్టలేదు. చుట్ట తాగేది నేను. నాకు అక్షరం రాదు కనుక నేను చెబుతుంటే బడి పంతులు రాస్తున్నాడు. ఈ ముక్క అన్నిటికంటే ముందు రాయమన్నాను.

ఆమెది కోదాడ. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ సాగదీసే మాటలకు నేను వెక్కిరించేదాన్ని. కానీ చాట పట్టిందంటే మిర్యాలగూడలో ఆమెకు సాటి లేదు. ముందు చిటికెడు ఊక తీసి పైకి విసిరేది. అది ఎటు పోతే గాలి అటు. అప్పుడు గాలికి వీపు పెట్టి నిలబడేది. "దుమ్ము మన ముందర నుంచి పోవాలి అక్కా, మనలోంచి కాదు" అనేది. మా వాకిట్లో ఆమె దంచిన వడ్లకు, చెరిగిన బియ్యానికి లెక్క లేదు. ఒక్కనాడూ దగ్గలేదు.

మిల్లు వచ్చాక ఇళ్లల్లో రోకళ్లు మూలకు పడ్డాయి. దంచేవాళ్లే మిల్లులో చెరగడానికి పోయారు. ఒకసారి సద్ది ఇవ్వడానికి పోయి వాళ్లు చెరిగే కొట్టం చూశాను. నాలుగు దిక్కులా గోడలు. ఉన్న రెండు కిటికీలకు గోనెపట్టాలు మేకులు కొట్టి బిగించారు. గాలి వస్తే తవుడు ఎగిరిపోతుందని మిల్లు యజమాని సేటు బాధ. లోపల మనిషికి మనిషి కనపడదు. మా యారాలు అలవాటు కొద్దీ చిటికెడు ఊక పైకి విసిరింది. అది ఎటూ పోలేదు. తిరిగి ఆమె నెత్తి మీదే పడింది. నన్ను చూసి నవ్వింది.

పొద్దుగూకి పని దిగేటప్పుడు సేటు ఒక్కొక్కరికి బెల్లం ముక్క ఇప్పించేవాడు, గొంతులో దుమ్ము దిగుతుందని. ఆడవాళ్లంతా ధర్మాత్ముడన్నారు. నాకు మాత్రం ఆనాడే అనుమానం. ఊరికే పెట్టే చేతిని ఒకసారి తిప్పి చూడాలి, ఆ బెల్లం తీసుకోవద్దన్నాను. ఆమె తన ముక్క తినకుండా కొంగున కట్టుకొచ్చి మనుమరాలికి పెట్టేది. ఎట్లాగూ తెచ్చావు, నువ్వే తినమని తిట్టాను. "నువ్వు వద్దన్న బెల్లం నువ్వే తినమంటావు, నీకు నిలకడ లేదక్కా" అని నన్నే ఎగతాళి చేసింది.

రెండేళ్లకు దగ్గు పట్టుకుంది. మెట్టు ఎక్కితే ఆయాసం. బండి కట్టించి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను. నా కొంగు చిరిగి ఉందని నా చుట్టలు ఆమె కొంగున కట్టాను. డాక్టరు గొట్టం పెట్టి వీపు మీద విన్నాడు. దగ్గు తెరలో ఆమె కొంగుతో మూతి తుడుచుకోబోతే ముడి జారి, రెండు చుట్టలు బల్ల కింద పడ్డాయి. రోజుకు ఎన్ని తాగుతావని ఆయన కసిరాడు. ఏం పని చేస్తావని అడగలేదు. ఆమె నా వైపు చూసి తల దించుకుంది. సంతలో పదిమందిని నోరు మూయించే నేను, ఆ తెల్లకోటు ముందర సిగ్గుపడి మూగదాన్నయ్యాను. ఆయన ఉర్దూలో చీటీ రాసిచ్చాడు. అది తెచ్చి వాసాల సందున దోపాము.

మంగళవారం గుమాస్తాను చుట్ట సంగతి నీకెవరు చెప్పారని నిలదీశాను.

"డాక్టరే రాసిండు గదమ్మా. నాలుగు దినాలు సెలవు గావాలని ఆమెనే తెచ్చి సూపెట్టింది. సదివి ఇనిపించిన."

చీటీ దింపి పంతులుకు ఇచ్చాను. రొమ్ము చెడింది, పొగాకు మానాలి అని ఉందట. దుమ్ము మాట ఒక్కటి లేదు. అంటే ఆమెకు అన్నీ తెలుసు. నా చుట్ట నింద తన మీద వేసుకుని, నేను బాధపడతానని నాకు చెప్పకుండా మళ్లీ ఆ కొట్టంలోకే పోయింది.

ఆ రోజు గుమాస్తా పోతూ, మూడో దినం అయినాక ఆమె కోడలిని పనికి పంపమన్నాడు. ఆ పిల్ల చంకలో బిడ్డతో వింటున్నది.

"చుట్టతోనే పోయింది, దుమ్ముతోని ఏం గాదంటవ్, మరి బెల్లం ఎందుకు పెడుతున్నరు?" అన్నాను.

"సేటు దయగల్లోడమ్మా."

"యూనియన్ మిలట్రీ వచ్చినంక ఆఫీసరు మిల్లు సూడ వస్తుండంటే గోనెలు పీకిన్రు. ఆయన జీపు మలుపు తిరగంగనే మల్ల కొట్టిన్రు. దుమ్ము సంగతి తెల్వనోళ్లు పీకుతరా?"

గుమాస్తా చెప్పులు వేసుకున్నాడు.

"కోడలు వస్తది," అన్నాను, "గోనెలు పీకినంక. నీ సేటుకు గిదే చెప్పు."

మూడో దినం ఆమె పేర పిట్టకు ముద్ద పెట్టి వచ్చాము. మధ్యాహ్నం మిల్లు వైపు పోయి చూశాను. గోనెలు అట్లాగే ఉన్నాయి. చెప్పే మాట చెప్పాను. నా తప్పు కూడా దాచలేదు. ఇప్పటికి చుట్ట మాని మూడు దినాలు.

ఇల్లు చేరేసరికి కోడలు వాకిట్లో నిలబడి ఉంది. అత్త చాట చేతిలో ఉంది. ఇరుగుపొరుగు వాళ్లు దంచి ఇమ్మని తెచ్చిన వడ్ల మూట పక్కన ఉంది. మిల్లు కూత వినపడింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. చిటికెడు ఊక తీసి పైకి విసిరింది. అది మా గోడ దాటి మిల్లు దిక్కు పోయింది. పిల్ల మెల్లగా తిరిగి, గాలికి వీపు పెట్టి నిలబడింది.