దోమతెర కింద గున్నమిరప

వెంకటరావమ్మ పొదిలి దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో గుప్పెడు మిరప గింజలు కూడా ఉన్నాయి. ఆ కాయను వాళ్లు గున్నమిరప అనేవారు. పొట్టిగా, లావుగా, తోలు ముడతలు పడి ఉంటుంది. కారం ఒక మోస్తరు. పచ్చట్లో వేస్తే మాత్రం రెండేళ్లయినా ఎరుపు తగ్గదు. భర్త బుల్లయ్య ఉన్న నాలుగెకరాల్లో హైబ్రిడ్ మిరప, కొంత పత్తి వేసేవాడు. గట్టు వెంబడి రెండు సాళ్లు మాత్రం ఆమెవి. ఏటా కల్లంలో కూర్చుని కంటికి నచ్చిన కాయలు ఏరి, గింజ తీసి, బూడిదలో కలిపి పిడతలో దాచేది. అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేది. ముప్పై ఏళ్లు ఇలాగే నడిచింది.

2019లో నాటు విత్తనాలు కాపాడే ఒక సంస్థ తరఫున శ్రీజ అనే అమ్మాయి గుంటూరు నుంచి ఆ ఊరు వచ్చింది. గున్నమిరప సంగతి విని, ఆమె దగ్గర గింజలు తీసుకుని ఆరుగురు చిన్న రైతులకు పంచింది. పక్క పొలం జయరావు వాళ్లలో ఒకడు. కాపు చేతికొచ్చేసరికి అతను ఒక గంప తెచ్చి బుల్లయ్య వాళ్ల అరుగు మీద బోర్లించాడు. సగం పొట్టి కాయలు, సగం సన్నగా వేలెడు పొడవున్నవి.

"ఏందొదినా ఇది? విత్తనాల కొట్టువాడు కల్తీ ఇస్తే వాడి మీదకి పోతాం. నువ్విస్తే ఎవరి మీదకి పోవాల?"

"ఒరేయ్, ఊరికే ఇచ్చినదానికి ఆ మాటలేందిరా!" అని బుల్లయ్య లేచాడు.

వెంకటరావమ్మ కాయలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది. అలాంటివి కొన్నేళ్లుగా తన సాళ్లలోనూ వస్తున్నాయి. వాటిని ఏరి కూరలో వేసి ఊరుకునేది. చూస్తూ కూడా పట్టించుకోలేదే అన్నది ఆమెను తొలిచింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

శ్రీజ వచ్చి విషయం విప్పి చెప్పింది. గట్టుకు అటూ ఇటూ హైబ్రిడ్ మిరపే. తేనెటీగలు ఆ పూత మీద వాలి ఈ పూత మీదకు వస్తాయి. పైకి కాయ గున్నమిరపలాగే ఉన్నా లోపలి గింజ కలిసిపోతుంది.

"నేను ఏరింది మంచి కాయలేగదమ్మా?"

"మీరు కాయను చూసి ఏరారు పెద్దమ్మా. చెట్టును చూసి ఏరాలి. పూత రాకముందే ఈగ వాలకుండా తెర కట్టాలి. మూడు నాలుగేళ్లు పడుతుంది."

"పడితే పడనీ."

మరుసటి ఏడు దొడ్లో ఇరవై నాలుగు మొక్కలు నాటింది. ఇంట్లో ఉన్న దోమతెరలు రెండూ కత్తిరించి సంచుల్లా కుట్టి చెట్లకు తొడిగింది.

"నన్ను దోమలకి అప్పగించి చెట్లకి తెరలు కడతావా?" అన్నాడు బుల్లయ్య.

"దుప్పటి కప్పుకో."

రోజూ పొద్దున్నే పుప్పొడి రాలేలా కొమ్మల్ని వేలితో తట్టేది. పిందె పడగానే, తెరలో పట్టిన కాయని గుర్తుగా కాడకు దారం కట్టి తెర తీసేది. కాయలు దిగాక చూస్తే పది చెట్లు జాతి తప్పినవి. వాటిని బెరుకులంటారు. పీకేయక తప్పదు. నిండు కాపు మీదున్న చెట్టును పట్టుకుని ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. మొదటిది పీకాక మిగిలినవాటి దగ్గర చెయ్యి ఆగలేదు.

రెండో ఏడు నల్ల తామరపురుగు వచ్చింది. ఆ చుట్టుపట్ల ఎవరి మిరపా మిగల్లేదు. పూతను పీల్చేసే ఆ సన్నటి పురుగు దోమతెర కన్నాల్లోంచి కూడా దూరింది. వేపకషాయం కొట్టినా ఆ ఏడు నాటిన ముప్పై మొక్కల్లో ఐదే బతికాయి. జయరావు తన రెండెకరాలూ దున్నేసి, ఒకరోజు వాళ్ల దొడ్డి గోడ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఏమన్నా బతికినాయా వదినా?"

"అయిదు."

"గింజొచ్చిద్దా?"

"వచ్చిద్ది. నీకిస్తే మళ్లీ హైబ్రిడ్ పక్కనే ఏస్తావు. ఇయ్యను."

"పొలంలో ఎయ్యను. దొడ్లో ఏస్తాలే," అన్నాడతను. మూడో ఏడు అతనికి ఇచ్చింది.

నాలుగో ఏటికి చెట్లన్నీ ఒక్క తీరుగా కాశాయి. ఊరగాయలు పెట్టి అమ్మే జైనాబీ పదిహేనేళ్లుగా ఆమె కారమే వాడుతోంది. కొత్త కారం నాలుక మీద వేసుకుని, "రంగు అదే వదినా. ఘాటు ఒక పిసరు ఎక్కువుంది," అంది. వెంకటరావమ్మకూ అలాగే అనిపించింది. పాత గున్నమిరపే తిరిగొచ్చిందా, దాని పోలికతో ఇంకొకటి నిలబడిందా అని అడిగితే శ్రీజ కూడా తేల్చి చెప్పలేకపోయింది.

"పోయిందంతా రాలేదులే అమ్మా," అంది వెంకటరావమ్మ. ఆ తర్వాత ఆ ప్రస్తావన ఎత్తలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో పదకొండు దొడ్లలో గున్నమిరప ఉంది. పూత సమయంలో ఆమె ఇంటింటికీ తిరిగి తెరలు చూస్తుంది. కట్టనివాళ్లను గట్టిగానే కసురుతుంది. మొన్న ఆషాఢంలో సంజీవరావు అనే రైతు పక్క ఊరి నుంచి గింజల కోసం వచ్చాడు. నీ దొడ్డి పక్కవాళ్లు ఏం వేస్తారని అడిగింది. తెలియదన్నాడు.

"కనుక్కుని రాపో."

నాలుగు రోజులకు కనుక్కుని వచ్చాడు. నలభై గింజలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది.