గల్లా కింద పాదరసం

దుకాణం బిల్డరుకు అప్పగించేముందు తాత కూర్చునే గల్లా కింద నేను తడిమితే, సిరాబుడ్డంత సీసా ఒకటి నా మణికట్టును కిందికి గుంజింది. పాదరసం. దానికి వాసన లేకపోయినా, చూడగానే కొత్త జొన్నల దుమ్ము ముక్కుకెక్కింది.

చలికాలంలో ఉమ్రి వైపు నుంచి జొన్నలు దిగేవి. మా నాందేడ్ వీధంతా హుర్డా గింజల కోసం కాల్చే పచ్చి జొన్నకంకుల పొగ, వెల్లుల్లి కారం ఘాటు. అప్పుడే తాత దగ్గర పారాకు, అంటే ఈ పాదరసానికి, గిరాకీ. గుడ్డలో మూటగట్టి ధాన్యం నిలవచేసే గుమ్మి అడుగున పెడితే గింజకు పురుగు పట్టదట. పురుగును చంపేది మనిషినేం చేస్తుందని మా బజారులో ఒక్కరూ అడగలేదు. ధరెంతని మాత్రం అందరూ అడిగారు. నేనైతే దాన్ని పళ్లెంలో పోసి, వేలితో ముక్కలు చేసి, మళ్లీ కలిపి ఆడుకునేదాన్ని. ఒలికిందాన్ని తాత పాత కార్డుముక్కతో ఎత్తి సీసాలో పోసేవాడు, ఎత్తగా మిగిలింది గచ్చు పగుళ్లకు దక్షిణ.

"ఇది శివుని బీజం. శివునితోని ఎవ్వలికన్న రోగమొస్తదా, పిచ్చిపోరీ?" అనేవాడు.

చివరి ఏళ్లలో ఆయన చేతులు వణికి తరాజు ముల్లు నిలిచేది కాదు. ముసలోడు తూకంలో కొడుతున్నాడని గిరాకీలు వేరే దుకాణం చూసుకున్నారు. ఏం తెలివైన ఊరండీ మాది! వణుకులో మోసం కనిపించింది గానీ సీసా కనిపించలేదు.

అక్కడే వదిలేస్తే, గోడలు కూల్చేటప్పుడు సీసా పగిలి, మోరీలోంచి గోదావరికి, అక్కడినుంచి మా నల్లాల్లోకే వస్తుందని భయపడి చెత్త ఆఫీసుకు పట్టుకెళ్లాను.

"అమ్మా, ఇది ఓలా కచరా గాదు, సూకా కచరా గాదు. గోదాట్ల ఇడిచిపెట్టుండ్రి, శివునిదే గదా!" అన్నాడు అక్కడి సాహెబు, తడిచెత్త డబ్బా, పొడిచెత్త డబ్బా చూపిస్తూ. కుర్చీ కొత్తది, బుర్ర మా తాతదే.

విగ్రహాలకు బంగారు పూత పూసే ఒకాయన ఇంటికెళితే కొంటానన్నాడు. నోరూరుకోక నాలుగు మాటల్లో ధర రెట్టింపు చేసి, అప్పుడడిగాను.

"కొని ఏం జేస్తవు?"

"బంగారంల కల్పి పూస్త. పొయ్యి మీద పెడితే పారా పొగైపోతది. గదంత నీకెందుకక్కా, నీ రేటు నీకొచ్చె గదా?"

ఆ పొయ్యి పక్కనే ఆయన మనవరాలు పాకుతోంది. జన్మలో మొదటిసారి, గెలిచిన బేరం వదులుకుని సీసాతో తిరిగొచ్చాను.

మూత బిగించి, ప్లాస్టిక్ డబ్బాలో దింపి, నగలుండాల్సిన అరలో పెట్టి తాళం వేశాను. గుమ్ములు పోయాయి, మా వీధి పొగ పోయింది, తరాజు పోయింది, తాత పోయాడు. పోవాల్సింది మాత్రం నా అల్మారాలో ఉంది.