ముప్ఫై రెండు తర్వాత నలభై తొమ్మిది

పుస్తకాలు కుట్టే బైండరు తన అత్తగారింట్లో పెద్దల్లుడు. పెద్దల్లుడికి దక్కే మర్యాదలన్నీ ఆదివారం మధ్యాహ్నం భోజనం వరకే చెల్లేవి. చేతులు కడుక్కోగానే, లిఫ్టులు బాగుచేసే చిన్నల్లుడు చదరంగం బల్ల పరిచేవాడు. పావుగంట తిరక్కుండా పెద్దల్లుడి రాజు ఓ మూల నక్కి దిక్కులు చూసేవాడు.

"మీకు ఆడ్డం రాదని కాదన్నయ్యా, ఓడిపోవడం మరీ తొందరగా వచ్చేసింది," అని చిన్నల్లుడు ఓదార్చేవాడు.

ఓ ఆదివారం అత్తగారు వంటింట్లోంచి, "అప్పుడే అయిపోయిందా? నేనింకా గిన్నెలే తియ్యలేదు!" అంది. బైండరుకి రోషం పొడుచుకొచ్చింది. ఏడాదిలోగా తోడల్లుణ్ణి ఓడించకపోతే జన్మలో చదరంగం ఆడనని అందరి ముందూ ప్రతిజ్ఞ చేసేశాడు. చేశాక గాని, గుర్రం ఎటు గెంతుతుందో తనకి ఖాయంగా తెలీదని గుర్తురాలేదు.

మర్నాడే పాతకాగితాల కొట్టులో అట్ట ఊడి, కుట్లు తెగి, పదహారేసి పేజీల ఫారాలుగా విడిపోయిన చదరంగం పుస్తకం ఒకటి దొరికింది. పేజీ నంబర్లు చూసుకుంటూ ఫారాలు పేర్చేవాళ్ళంటే బైండరుకి మొదట్నుంచీ చిన్నచూపు. "నా వేళ్ళకి తెలుసు," అనేవాడు. ఆ వేళ్ళతోనే పేర్చి, కుట్టి, కాలికో గుడ్డతో అట్ట వేసి, పైన బంగారు అక్షరాలు కొట్టాడు.

రోజూ పొద్దున్నే షాపులో, కటింగ్ మెషీను మీద చదరంగం బల్ల పెట్టుకుని చదివేవాడు. పుస్తకం మహా గడ్డుగా ఉంది. ముప్ఫై రెండో పేజీ చివర గుర్రం అప్పుడే బయటికి అడుగు పెడుతుంది. పక్క పేజీలోకి వచ్చేసరికి ఏనుగు వెళ్ళి అవతలి రాజుకి చెక్ చెప్పేస్తుంది. బైండరు బల్ల మీద మాత్రం ఆ ఏనుగు ఇంకా బంట్ల వెనక నిద్రపోతూనే ఉంటుంది.

"రాసినాయన మహానుభావుడు! మధ్య ఎత్తులన్నీ మనలాంటి తెలివైనవాళ్ళకి వదిలేశాడు," అనుకున్నాడు. ఆ ఎత్తులు కనిపెట్టడానికి ఎనిమిది నెలలు కూర్చున్నాడు. గిన్నెలో జిగురు ఎండిపోయింది. ఓ స్కూలు రిజిస్టర్లకి అట్టలు తలకిందులుగా అంటుకున్నాయి. ఆదివారాల్లో వచ్చిన మార్పల్లా పావుగంట కాస్తా ఇరవై నిమిషాలు కావడమే.

ఓ సాయంత్రం భార్య చేతికి పుస్తకమిచ్చి, అప్పజెబుతాను చూడమన్నాడు. ఆవిడ ఓ పేజీ తిప్పి ఆగిపోయింది.

"ఏవండీ, ముప్ఫై రెండు తర్వాత నలభై తొమ్మిదా?"

"నంబర్లు నీకెందుకే? ఎత్తులు చూడు."

"అరవై నాలుగు తర్వాత ముప్ఫై మూడుంది. ఎవడండీ దీన్ని కుట్టింది?"

బైండరు పుస్తకం లాక్కుని చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఒక ఆట మొదలుకీ ఇంకో ఆట చివరకీ మధ్య దారి వెతుకుతున్నాడన్నమాట! "కుట్టినవాడు దొరికితే చెవి మెలేద్దామనుకున్నా. దొరికాడు. చెవి నాదే," అని ఇప్పటికీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తనే చెబుతుంటాడు.

కుట్లు విప్పి, ఒక్కో నంబరూ పైకి చదువుతూ మళ్ళీ పేర్చాడు. ముప్ఫై మూడో పేజీలో, గుర్రం తర్వాత రావలసిన ఎత్తే వచ్చింది, చాలా మామూలుగా. దానికే అతనికి కళ్ళు చెమర్చాయి. ఇక తోడల్లుడి ఊసే మర్చిపోయాడు. తెల్లారితే తర్వాతి ఎత్తు చూడాలి, అంతే. గడువు దగ్గరపడేకొద్దీ ఓడిపోతానని కాదు, ఈ పొద్దుటిపూటలు పోతాయనే బెంగ పట్టుకుంది.

ఆఖరి ఆదివారం రానే వచ్చింది. ఆట గంట దాటింది. చిన్నల్లుడు లేచి వెళ్ళి మొహం కడుక్కొచ్చాడు. మరో అరగంటకి గొంతు సవరించుకుని, "డ్రా చేసుకుందామా, అన్నయ్యా?" అన్నాడు.

డ్రా అయితే ఓడించినట్టు కాదు. పైగా బైండరు అప్పటికి నేల మీద లేడు.

"ఏం, భయమేసిందా?" అన్నాడు.

ఆ తర్వాత ఏడో ఎత్తుకి ఆట కట్టింది. చిక్కింది బైండరు రాజే.

అతను ఒక్కో పావునీ డబ్బాలో పెడుతూ, "మాటంటే మాటే," అన్నాడు.

"మీకేం, మాటిచ్చి చక్కాపోతారు! ఆదివారాలు నేనెవరితో ఆడాలి, లిఫ్టుతోనా?" అని చిన్నల్లుడు విసుక్కున్నాడు.

అత్తగారు గుమ్మంలోకొచ్చింది. "మీరిద్దరూ గంటన్నర నోరు మూసుకుని కూర్చున్నది ఇవాళే నాయనా. ఎంత హాయిగా ఉందో! ప్రతిజ్ఞలూ గట్రా కాఫీ తాగి మర్చిపోండి."

బైండరు మాట మీద నిలబడ్డాడు, కాఫీ వచ్చేదాకా. నాలుగున్నరకల్లా రెండో ఆట కూడా ఓడిపోయాడు.