కరుణ తడిసిన సాక్సులు

నేను దెయ్యాల్ని నమ్మను. నమ్మడానికి వీల్లేదు, మా తోటలో తిరిగే మూడు దెయ్యాల్నీ కల్పించింది నేనే.

ఐర్లండ్‌లో కిల్కెన్నీ దగ్గర ఒక పాత బంగళాకి తోటమాలిని. వేసవిలో వచ్చినవాళ్ళకి తోట చూపించడం కూడా నా పనే. నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక దొర ఇటలీ వెళ్ళి, అక్కడి ప్రభువుల విలాసవనాలు చూసి మోజుపడి వేయించిన తోట అది. ఆ వనాల్లో అతిథుల్ని తడపడం ఒక సరదా. దారిలో ఫలానా రాయి మీద కాలు పెడితే చాలు, చాటున దాచిన గొట్టాల్లోంచి నీళ్ళు చిమ్మేవి. పట్టుబట్టలు తడిసినవాళ్ళు నవ్వాలి. కోపగించుకుంటే మోటువాళ్ళ కింద లెక్క.

ఆ రాయి మా తోటలో ఇప్పటికీ ఉంది. గొట్టాలు లేవు. నేనే తవ్వి చూశాను, కింద బూడిదరంగు మట్టి తప్ప ఏమీ లేదు.

నా భార్య కరుణ వృద్ధాశ్రమంలో నర్సు. "పొద్దున పొదలు కోస్తారు, సాయంత్రం కోతలు కోస్తారు. ఏం మనిషండీ," అనేది.

లాక్‌డౌన్‌లో తోట మూసేశారు. పొదలు ఆగవు కాబట్టి నేనొక్కణ్ణే వెళ్ళేవాణ్ణి. ఆ చలికాలం కరుణకి కోవిడ్ వచ్చింది. ఆసుపత్రిలో నన్ను లోపలికి రానివ్వలేదు. రోజూ మధ్యాహ్నం ఆ రాయి పక్కన నిలబడి ఫోన్ చేసేవాణ్ణి.

తొమ్మిదో రోజు ఆమె గొంతులో ఆశ లేదు. ధైర్యం చెప్పడానికి నా దగ్గర నిజమేదీ మిగల్లేదు.

"రాతి కింద నీళ్ళొస్తున్నాయి కరుణా. పొద్దున నన్ను నిలువునా తడిపేశాయి."

"గొట్టాలు లేవన్నారుగా."

"అదే కదా వింత."

కాసేపు ఆయాసపడింది. "సరే, వచ్చి తొక్కుతాను. తడవకపోతే మీ పని చెప్తా."

మర్నాడు పోయింది.

ఆమె వస్తువులు సంచిలో కట్టి, మూతికి సీలు వేసి ఇచ్చారు. మూడు రోజులు విప్పొద్దన్నారు, విప్పలేదు. తరవాత చూస్తే కళ్ళజోడు, ఫోను, బైబిలు అన్నీ పొడిగా ఉన్నాయి. సాక్సులు మాత్రం పిండితే నీళ్ళు కారాయి. ఆసుపత్రికి వెళ్ళే రోజు ప్యాకెట్ చించి తొడుక్కున్న కొత్త జత అది. అరికాళ్ళ నిండా బూడిదరంగు మట్టి. వేళ్ళ దగ్గర నేను కత్తిరించే పొదల ఆకులు రెండు.

వార్డులోని మలయాళీ నర్సుకి ఫోన్ చేశాను. చేరిన దగ్గర్నుంచి కరుణ మంచం దిగలేదంది. సాక్సులు తనే తీసి మడిచానని, పొడిగానే ఉన్నాయని చెప్పింది.

ఇక్కడి తెలుగువాళ్ళకి చెప్తే, "అంకుల్, ఈ కోత మాత్రం గ్రాండ్," అన్నాడు పక్కింటి స్టూడెంట్. వాడి తప్పు కాదు. అన్నేళ్ళు నేను చెప్పినవి అలాంటివి.

ఇప్పటికీ రోజూ ఆ రాయి తొక్కుతాను. చుక్క రాదు. ఇదెలా జరిగిందో నాకు తెలియదు.

తడిసినవాళ్ళు నవ్వాలి కదా. కరుణ నవ్విందో లేదో, అది కూడా తెలియదు.