వాన రోజు పట్టుగూళ్ళతో చింతామణికి

చింతామణిలో మా చెల్లెలు మోకాలి నొప్పితో మంచమెక్కిందని తెలిసి, చూసి వద్దామని బయలుదేరాను. ఉదయం ఆరున్నరకు బాగేపల్లి బస్టాండు చేరేసరికి వాన దంచుతోంది. ఈ దారిలో వెయ్యిసార్లు తిరిగానని అందరికీ చెబుతుంటాను. నిజానికి ముప్పైసార్లు. అందులో సగం నిద్రలోనే.

చేళూరు దారిలో వంక పొంగి రోడ్డెక్కిందట. మా బస్సును హైవే మీదుగా, చిక్కబళ్ళాపురం చుట్టి పంపుతామన్నారు. నా పక్కన చాకవేలు ఊరి నుంచి వచ్చిన రత్నమ్మ అనే ఆమె పెద్ద గుడ్డమూటతో నిలబడి ఉంది. మూటలో పట్టుగూళ్ళు.

"ఎప్పుడూ మా మరిది బైకు మీద తీసుకపోతాడప్పా. ఈ వానకి తడిస్తే ఎవురు కొంటారు? దానికే బస్సుకొచ్చినా. పదకొండుకంతా మార్కెట్లో గూళ్ళు పొయ్యల్ల. రేపటికి నిలిపితే పురుగు గూడు కొరుక్కోని బయటికొస్తాది. నెల్లాళ్ళ కష్టం!"

"నేను పట్టుపురుగుల్లోనే పుట్టి పెరిగినోణ్ణి తల్లీ" అంటూ నా ప్లాస్టిక్ పట్టాను మూటకు బిగించి కట్టాను.

ఏడుంబావుకు బస్సు కదిలింది. పేరేసంద్ర దాటాక ఆగిపోయింది. ముందు లారీలు, వాటి మధ్య వానలో కొండలు చూడబోయే బెంగళూరు కార్లు. చిక్కబళ్ళాపురంలో పనిచేసే గుమాస్తా ఒకాయన విసుగెత్తి దిగిపోయాడు.

"వాన అని చెప్పి బైకు ఇంట్లో పెట్టి బస్సెక్కితి. ఇప్పుడు ఎవునిదో బైకెక్కి తడుస్కుంటా పోవల్ల!"

తొమ్మిదికి రత్నమ్మ పట్టా కింద చెయ్యి పెట్టింది. మొహం మాడిపోయింది. "అప్పా, లోపల చెమట పట్టిండాది! గూళ్ళు కాగిపోతాండాయి!"

తప్పు నాదే. గాలాడకపోతే గూళ్ళు మెత్తబడి, తడిసినవాటితో సమానమవుతాయి. "నేను పట్టుపురుగుల్లో పుట్టలేదమ్మా. ఒక్క పంట పెట్టినా. దాన్నీ చీమలు తిన్నాయి" అని ఒప్పుకున్నాను. బస్సంతా నవ్వింది. రత్నమ్మ నవ్వలేదు.

"నవ్వింది చాలు, తువ్వాళ్ళు తీయండప్పా!" అన్నాడు కండక్టరు.

తువ్వాళ్ళు, పంచెలు, చీర కొంగులు ఒళ్ళో పరుచుకుని తలా కొన్ని గూళ్ళు పోసుకున్నాం. జల్లు పడకుండా కిటికీలు కొంచెం కొంచెం తెరిచాం. ముందు సీటు భారీ మనిషి కదలక మెదలక కూర్చుని, "నా పిల్లోళ్ళని గూడా ఇంత పైలంగా ఎత్తుకోలేదమ్మా!" అన్నాడు. ఎనిమిది కిలోమీటర్లకు ముప్పావు గంట పట్టింది. చిక్కబళ్ళాపురం దాటాక దారి దొరికింది.

పది యాభైకి చింతామణి. రత్నమ్మతోపాటు నేనూ మార్కెట్టుకు నడిచాను. చెల్లెలి మోకాలు ఇంకో గంట ఆగుతుందిలే అనుకున్నాను. తట్టలో పోసిన గూళ్ళలోంచి కొనే ఆసామి ఒకటి తీసి చెవి దగ్గర ఆడించాడు; గూడు పొడిగా ఉంటే లోపలి పురుగు గలగలమంటుంది. పెదవి విరిచాడు. అడుగు నుంచి ఇంకోటి తీసి ఆడించాడు.

"సద్దు బాగుండాది" అని వేలం పాట మొదలుపెట్టాడు.

రత్నమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. "మళ్ళీ కలిస్తే పక్కనే కూసోండప్పా. సలహా మాత్రం ఇంటికాడ పెట్టి రాండి."

చెల్లెల్ని చూసి, సాయంత్రం నాలుగుకు తిరుగు బస్సు కోసం వచ్చాను. వాన తెరిపిచ్చింది. ఈ దారిన వానలో వచ్చేవాళ్ళు గొడుగుతోపాటు ఒక పొడి తువ్వాలు తెచ్చుకోండి. ఎవరి ఒళ్ళో ఏం పోయాల్సి వస్తుందో తెలియదు. బస్టాండులో ఒకామె అడిగింది: "పెద్దాయనా, బాగేపల్లికి చేళూరు మీద పొయ్యేది మేలా, హైవే మేలా?"

వెయ్యిసార్లు తిరిగిన కథ నాలిక చివరిదాకా వచ్చింది.

"కండక్టర్ని అడుగమ్మా" అన్నాను. ఆ రోజంతటిలో నేను చెప్పిన సరైన దారి అదొక్కటే.