రొయ్యల చెరువు మీద పెళ్లి ఆర్చి

తుఫాను వస్తోందని అమలాపురంలో జనమంతా కొవ్వొత్తులూ, బ్రెడ్డూ, పాల ప్యాకెట్లూ కొనుక్కుంటున్న రోజున నేను పెళ్లి జనరేటరు కొన్నాను. ఇంత తెలివితక్కువ బేరం ఆ వారంలో కోనసీమ మొత్తం మీద ఇంకెవరూ చేసి ఉండరని నా గట్టి నమ్మకం. ఎవరైనా చేశామంటే రమ్మనండి, పక్కపక్కన పెట్టి చూసుకుందాం.

ఆలోచన మాత్రం బంగారంలాంటిదే. గాలి ఆగాక నాలుగైదు రోజులు కరెంటు రాదు. ప్రతి డాబా మీదా ట్యాంకు ఉంటుంది, ప్రతి ఇంట్లోనూ మోటారు ఉంటుంది, నీళ్లు మాత్రం పైకి ఎక్కవు. జనరేటరును ఇల్లిల్లూ తిప్పి ట్యాంకుకింత అని పుచ్చుకుంటే పెట్టుబడి ఆ రోజుల్లోనే తిరిగొస్తుంది. మా నాన్నగారిది కిరాణా కొట్టు, మేనమామలది బట్టల కొట్టు, అత్తవారిది గాజుల కొట్టు. అ ఆలకంటే ముందు తక్కెడ చూసినదాన్ని. వానలో గొడుగు అమ్మాలని నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

దాన్ని నాకు అమ్మిన టెంట్ హౌసు ఆయన లోపం దాచలేదు. "దీనికీ ఆర్చికీ లంకె ఉందండీ. కరెంటు ముందు ఆర్చిలోకెళ్లి, అక్కణ్ణించి బయటికొస్తుంది. ఆర్చి పీకేస్తే బండి పనిచెయ్యదు. అలా కలిపిన ఎలక్ట్రీషియను దుబాయి వెళ్లిపోయేడు."

"ఏం ఆర్చండీ?"

"శుభవివాహం అని ఉంటదండీ. అటూ ఇటూ నెమళ్లు. లైట్లు పరిగెడతాయి."

లోపం ఉంది కాబట్టి తగ్గించమన్నాను, తగ్గించారు. నెమళ్లు నాకు అక్కర్లేదు కాబట్టి ఇంకా తగ్గించమన్నాను, అదీ తగ్గించారు. అంత సులువుగా తగ్గిస్తుంటే అనుమానించాలని నాన్నగారు చెప్పిన మాట ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

తుఫాను దాటిన పొద్దున మా వీధిలో మూడు కొబ్బరిచెట్లు ప్రహరీల మీదికి పడి ఉన్నాయి. ఒక కరెంటు స్తంభం ఎదురింటి గేటు మీద తల ఆన్చి పడుకుంది. నేను ఆ గేటుతోనే బోణీ చేశాను. ఆ ఇంటి రిటైర్డు మాస్టారు బయటికొచ్చి, వాకిట్లో వెలిగి ఆరుతున్న నెమళ్లను చాలాసేపు చూశారు.

"పెళ్లెవరిదమ్మా?"

"మీ ట్యాంకుదండీ."

"శుభం. కట్నం ఎంత?"

చెప్పాను. బేరమాడారు. ఆ వీధి అలాంటిది.

రెండో ట్యాంకు నిండుతుండగా మా వియ్యంకుడుగారు మోటారు సైకిలు మీద వచ్చారు. మా అమ్మాయిని ఇచ్చింది వాళ్లబ్బాయికే, పిల్లలిద్దరూ విశాఖలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఈయనకు అల్లవరం దగ్గర రెండు రొయ్యల చెరువులు. మోకాళ్లదాకా బురదతో వచ్చి, మా అరుగు మీద కూర్చుని, "అందరూ కులాసాయేనా అండీ?" అన్నారు.

వియ్యంకుడుగారు వస్తే ముందు కాఫీ. పాలు లేవు. పక్కింట్లో అడిగి తెచ్చాను. గ్యాసు అయిపోయింది. కిరసనాయిలు స్టవ్వు దింపాను. ఈలోగా ఆయన మా వీధిలో పడిన చెట్లను పరామర్శించారు, మాస్టారి గేటును పరామర్శించారు. కాఫీ సగం తాగాక అసలు సంగతి ఇంకొకరి కబురులా చెప్పారు. తెల్లవారుజామున కాలవ పొంగి వాళ్ల జనరేటరు మునిగిపోయిందట. చెరువులో నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయట. అవి తిరక్కపోతే రొయ్యకు ఊపిరి అందదు. ఆ పంట మీద ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయన్న సంగతి ఆయన చెప్పలేదు. అది మా అమ్మాయి చెప్పగా నాకు ముందే తెలుసు.

"మీ దగ్గర జనరేటరుందని విన్నానండీ."

"ఆయ్, ఉందండీ."

"బాడుగకిస్తున్నారట గదా."

"మీకు బాడుగేంటండీ అన్నయ్యగారూ."

"అలాగంటే నేను పట్టుకెళ్లలేనండీ. ఎంతో చెప్పండి."

"మీరే చెప్పండి."

"అబ్బే, నేను చెప్పడమేంటండీ. మీరు చెప్పాలి గానీ."

మా కొట్ల ధర్మం ప్రకారం ముందు ధర చెప్పినవాడు మునిగినట్టే. వియ్యంకుల ధర్మం ప్రకారం ధర చెప్పినవాడి పరువు పోయినట్టే. నేను ఊరికే పట్టుకెళ్లమంటే ఆయన నిజంగా ఊరికే పట్టుకెళ్లే ప్రమాదం ఉంది. ఇంత అంటే, రొయ్యలు చస్తుంటే బేరమాడిందని మా అమ్మాయి జీవితాంతం వినాలి. ఆయన లెక్కా ఇలాగే ఉండి ఉంటుంది: ఊరికే పుచ్చుకుంటే రేపు మా ఇంట్లో శుభకార్యానికి రెండింతలు పెట్టాలి. మర్యాద తగ్గకూడదని నేను రెండో కాఫీ కలిపాను. వద్దంటే నేను నొచ్చుకుంటానని ఆయన తాగారు.

మా ఆయన లోపల్నించి అన్నారు: "మీరిద్దరూ తేల్చుకునేలోపు రొయ్యలు వాటంతటవే పచ్చడైపోతాయి."

అప్పుడు లేచాం. ధర తేలలేదు. మా కొట్టు వ్యానుకు జనరేటరు తగిలించి, ఆర్చిని పైన కట్టి, మా ఆయన తోలుతుంటే నేను పక్కన కూర్చున్నాను. వియ్యంకుడుగారు ముందు మోటారు సైకిలు మీద.

ఊరు దాటిన కాసేపటికే రోడ్డుకు అడ్డంగా పెద్ద కొబ్బరిచెట్టు. వియ్యంకుడుగారు వచ్చేటప్పుడు మోటారు సైకిలును పక్కనించి దాటించారట, వ్యాను మాత్రం పట్టదు. పక్కన గొడ్డళ్లతో నలుగురు కూర్చుని బీడీలు కాలుస్తున్నారు.

"దీన్ని మేం నరకమండీ," అన్నాడు ఒకతను. "ఆఫీసరుగారొచ్చి రాసుకునేదాకా చెట్టు ఇలాగే ఉండాలి. లేపోతే ఆసామికి పరిహారం రాదు."

రొయ్యల సంగతి చెప్పాం. పాపం అన్నారు. లేవలేదు. అంతలో ఒకతను వ్యాను పైన ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివి బీడీ పారేశాడు.

"పెళ్లివారా అండీ? ముందే చెప్పొద్దా. ముహూర్తం ఎన్నింటికండీ?"

మా వియ్యంకుడుగారు అబద్ధమాడే మనిషి కాదు. "మధ్యాహ్నం లోపు చేరాలండీ. లేకపోతే అంతా పోయినట్టే."

"తమరు?"

"పెళ్లికొడుకు తండ్రినండీ."

అదీ నిజమే, పెళ్లయి మూడేళ్లయినా. నలుగురూ గొడ్డళ్లెత్తారు. ఆసామికి మేం చెప్పుకుంటాం లెండి, పీటల మీద పెళ్లి ఆగకూడదు అన్నారు. దారి చేసి అక్షింతలకు బదులు చేతులెత్తి దీవించి పంపారు. నేను వ్యానులోంచి నమస్కారం పెట్టాను.

చెరువు దగ్గర మా వియ్యపురాలు నడుములోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. బిందెతో చెరువు నీళ్లు ముంచి, ఎత్తి, మళ్లీ అదే చెరువులో పోస్తున్నారు. అలా పోస్తే కాస్త గాలి కలుస్తుంది. తెల్లవారినప్పట్నించీ పోస్తున్నారట. నన్ను చూసి బిందె దించకుండానే, "రండి వదినగారూ, పంపు దగ్గర కాళ్లు కడుక్కోండి," అన్నారు.

పెద్ద చెరువులో రొయ్యలు అంచుకొచ్చి మీసాలు పైకెత్తి ఉన్నాయి. అంటే ఇంకా ఆశ ఉంది. చిన్న చెరువు మీద తెల్లగా ఏదో పరిచినట్టుంది. దాని వైపు ఎవరూ చూడటం లేదు.

గట్టు మీద ఆర్చి నిలబెట్టి జనరేటరు స్టార్టు చేశాం. శుభవివాహం వెలిగింది, నెమళ్లు పరిగెత్తాయి, ఏరేటర్లు తిరిగాయి. కొంతసేపటికి మీసాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. వియ్యంకుడుగారు గట్టు మీద కూలబడి, తలగుడ్డతో మొహం కప్పుకున్నారు. ఆవిడ అప్పుడు బిందె దించారు.

తర్వాత నాలుగు రోజులూ ఆ ఆర్చి కింద చుట్టుపక్కల వాళ్లంతా ఫోన్లు చార్జింగు పెట్టుకున్నారు. ఒక పెద్దాయనైతే తెల్ల పంచె కట్టుకుని వచ్చి, చదివింపులు ఎక్కడ రాస్తున్నారండీ అని అడిగారు. పెళ్లి కాదండీ, రొయ్యలండీ అంటే, "ఏదైతేనేం, బాగుంది," అని కాసేపు కూర్చుని వెళ్లారు.

కరెంటు వచ్చింది. పెద్ద చెరువు పంట నిలబడింది. ఇంటి కాగితాలు వెనక్కి వస్తాయి. నేను జనరేటరు తెచ్చుకోవడానికి వెళితే వియ్యంకుడుగారు మళ్లీ, "ఎంతో మీరే చెప్పండి," అన్నారు. వియ్యపురాలు కొంగు దోపుకుని అడ్డం వచ్చారు.

"ఆయన చెప్పరు, మీరు చెప్పరు. నేనడుగుతున్నాను. ఎంతండీ?"

"పన్నెండు వేలండీ," అన్నాను. ఆ నాలుగు రోజులూ వీధిలో ట్యాంకులు నింపితే డీజిలు పోను అంతే మిగిలేది. ఒక్క రూపాయి కలపలేదు.

"సరేనండీ. చిన్న చెరువులో రొయ్యపిల్లా మేతా కలిపి లక్షా ఇరవై వేలు పోయింది. మీ బండి రాకముందు, ఓ గంట ముందు అవి చచ్చి తిరగబడ్డాయండీ. ఆ గంట ఎవరి ఖాతా?"

వియ్యంకుడుగారు చెరువు వైపు చూశారు. ఆ గంట మా అరుగు మీద గడిచింది. ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ గడిపాం.

"సగం నాదండీ," అన్నాను.

"సగం ఈయనది. అయితే మీ వంతు అరవై వేలు. అందులో బాడుగ పన్నెండు పోతే, మీరే మాకు నలభై ఎనిమిది ఇవ్వాలి. సరిపోయిందా అండీ?"

"ఆయ్," అన్నాను.

ఆవిడ లోపలికెళ్లి విస్తరి వేశారు. పెద్ద చెరువు రొయ్యలే, ఇగురు. ఆ నలభై ఎనిమిది వేలూ ఆవిడ మళ్లీ అడగలేదు. నేనూ ఇవ్వలేదు.