మాఫీ ఉన్న మనిషి

దౌత్యాధికారులకు ఉండే చట్టరక్షణ ఉంచాలా, తగ్గించాలా అని టీవీలో పెద్దమనుషులు వాదించుకోవడం మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి పోతాను. ఉంచాలనేవాడూ, తగ్గించాలనేవాడూ ఇద్దరూ చదివిందే చెప్తారు. మా అవ్వ కాలు వాళ్లెవరూ చూడలేదు. చూసినదాన్ని నేను, నాకు వాళ్ల మాటలు వినే ఓపిక లేదు.

అరవై తొమ్మిది నాటి సంగతి. తెలంగాణ కోసం లొల్లి నడుస్తున్న ఏడు. కాలేజీలు మూసేస్తే, పట్నంలో పంతులమ్మ ట్రైనింగ్ చేస్తున్న నేను పెట్టె పట్టుకుని మొయినాబాద్ దగ్గరి మా ఊరికి వచ్చేశాను. బస్సులు నడిచిన రోజులకన్నా బందైన రోజులే ఎక్కువ. మా పిలగాళ్లు రోడ్డు మీద బండ్లు ఆపి, సుద్దముక్కతో ‘జై తెలంగాణ’ అని రాసిగానీ ముందుకు వదిలేవాళ్లు కారు. రాసి ఉన్న బండి వస్తే చప్పట్లు కొట్టి పంపేవాళ్లు. అందులో ఎవడు కూర్చున్నాడో చూసేంత తీరిక ఒక్కడికీ లేదు.

అవ్వ ఆరోజు కనకమామిడిలో నాట్లకు పోయింది. బస్సు లేదు కాబట్టి సాయంత్రం రోడ్డు పక్కన నడుచుకుంటూ వస్తున్నది. వెనకాల చేవెళ్ల వైపు నుంచి ఒక పెద్ద నల్లకారు వచ్చి, మలుపు దగ్గర రోడ్డు దిగి ఆమెను గుద్దింది. కారు నడుపుతున్న తెల్లాయన దిగి వచ్చి చూశాడు. ఆయన చేతులు వణుకుతున్నాయని అవ్వ చెప్పింది. పక్క సీట్లో కూర్చున్న డ్రైవరు కూడా దిగాడు, ఆయన్ని పట్టుకుని అటువైపు కూర్చోబెట్టి, తాను స్టీరింగు ముందు కూర్చుని కారు తీసుకుని పోయాడు. ముందర మా పిలగాళ్లు ఆ కారు మీద సుద్దరాత చూసి చప్పట్లు కొట్టి సాగనంపారు. వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వెనక వస్తున్న నాట్లేసే ఆడవాళ్లు అవ్వను ఎడ్లబండిలో వేసి చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయారు. కట్టు కట్టారు, ఎముక వంకరగా అతుక్కుంది. కట్టు విప్పాక కర్ర లేకుండా ఆమె నడవలేకపోయింది. బురదలో వంగి నిలబడటం ఇక కలలో మాట. మడిలో అందరికన్నా ముందు వరుసలో ఉండే మనిషి, మంచం మీద కూర్చుని పక్కింటివాళ్ల చింతపండు గింజలు తీస్తూ కాలం గడిపింది.

ఆ మధ్యలో ఒకరోజు పోలీసు జవాను సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. ఆ తెల్లాయన ఢిల్లీలో ఏదో దేశపు రాయబారి ఆఫీసులో పెద్ద నౌకరీ చేస్తాడని, అనంతగిరి వైపు షికారుకు వచ్చాడని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఆయనకు మాఫీ ఉన్నదట అవ్వా, మేమేం చెయ్యనీకి లేదు,” అన్నాడు.

అవ్వ చేతిలోని గింజలు కింద పెట్టింది. “ఎవలు చేసిన్రు మాఫీ? నేనైతే చెయ్యలే,” అన్నది.

ఇక్కడే మొదలైంది గొడవ. మా వైపు మాఫీ అంటే శిస్తు లేని భూమి, సర్కారు మినహాయించినది. జవాను మనసులో ఉన్నది అదే, ఈ మనిషి చట్టం లెక్కలోకి రాడని. మా వైపే, తప్పు చేసినవాడు చేతులు జోడించి అడిగేదీ మాఫీయే. అవ్వకు పట్టుకున్నది ఈ రెండోది. మాఫీ ఉన్నదంటే ఎవరో ఆయన్ని క్షమించారన్నమాట, కాలు తనది కాబట్టి తాను తప్ప ఇంకెవరు క్షమించగలరు? జవాను తల గోక్కుని అర్థం చెప్పబోయాడు. నేనూ చెప్పాను. గోడకు చెప్పినట్టే అయింది.

ఆమె ఇంకేదీ అడగలేదు. ఆయన వచ్చి, గడప ముందు నిలబడి, ఆమె మొహం చూసి ఒక్క మాట అడగాలి. అడిగితే మాఫీ చేసేస్తుంది. రోడ్డు మీద మోటారు చప్పుడు వినబడితే చాలు, దుప్పటి సర్దుకుని, కుర్చీ తెచ్చి పెట్టమని నన్ను తరిమేది. మా ఇంట్లో కుర్చీ ఎక్కడిది! పొరుగింటికి పోయి అడుక్కురావాలి. ఒకసారి విసుగొచ్చి, ఆయన రాడు, సచ్చినా రాడు అని అరిచేశాను. ఆమె నావైపు చూసి, “మనిషే గద బిడ్డా, చేతులు వణికినయి,” అన్నది. అంతకన్నా ఏం చెప్తారు ఆ మనిషికి!

నేను చేవెళ్ల ఠాణాకు పోయాను. మా దిక్కు సబ్ ఇన్స్పెక్టరును అమీన్‌సాబ్ అనేవాళ్లు. ఆ అమీన్‌సాబ్ నన్ను నిలబెట్టే మాట్లాడాడు. రాయబారి ఆఫీసువాళ్లను మనం ముట్టుకోకూడదన్నాడు. ఎవర్ని గుద్దినా చెల్లుతుందా అని నేనంటే, చదువుకున్నదానివి, నీకు తెలియదా అన్నాడు. ఢిల్లీకి రాయమంటే పైవాళ్లు రాయాలన్నాడు, పైవాళ్లు ఎవరంటే పైవాళ్లే అన్నాడు. ఆ వరండాలోనే చొక్కాలు చిరిగిన కాలేజీ పిలగాళ్లు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లు చేసింది రోడ్డు మీద నినాదాలివ్వడం. ఒకడి పెదవి పగిలి రక్తం గడ్డకట్టి ఉంది. నోరున్నవాడు లోపల, కాలు విరగ్గొట్టినవాడు ఇంట్లో. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

తిరిగి వస్తుంటే ఆ జవాను సైకిలు నడిపించుకుంటూ కొంతదూరం నాతో వచ్చాడు. “జర కోపం జేస్కోకు చెల్లె. ఆయనకు మాఫీ లేకుంటే, ఆయనంటె గిట్టనోడు ఏదో ఒక కేసు పెట్టి, ఆయనను గూడ ఆ వరండల గట్లనే కూసోవెడ్తడు. ఆయన దేశంల మనోల్లను గూడ గట్లనే కూసోవెడ్తరు. మేమెట్ల జేస్తమో ఇప్పుడే చూసినవ్ గద,” అన్నాడు.

నిజం చెప్పాడని నాకు మరీ మండింది. పరాయి దేశంలో పనిచేసేవాడికి అలాంటి కాపుదల ఉండాలని ఆరోజే ఒప్పుకున్నాను, ఈరోజుకీ కాదనను. అయితే అది అమీన్‌సాబ్ నుంచి కాపాడటానికి. మా అవ్వ నుంచి కాదు. మా అవ్వ ఆయన్ని ఏ జైల్లో పెడుతుంది? ఆఫీసు పనికి అడ్డం పడకుండా ఉంచిన కంచెను తెచ్చి, షికారుకు పోయి రోడ్డు పక్కన ఆడమనిషిని గుద్దినదానికి కూడా చుట్టేస్తే ఎట్లా? చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆయన దేశపు సర్కారు కావాలనుకుంటే ఆ రక్షణ తీసేయొచ్చట. దానికి ఇక్కడినుంచి ఎవరైనా అడగాలి కదా. అడిగినట్టు నేనైతే వినలేదు.

ఈలోగా మా చర్చి అయ్యగారు వచ్చారు. మనసులో కష్టం పెట్టుకోవద్దని, ఆయన రాకపోయినా క్షమించేయమని నెమ్మదిగా చెప్పారు. “ఆయనకు తెల్వకుంట నేను మాఫ్ జేస్తే ఆయనకేం ముట్టింది అయ్యగారు? రమ్మనుండ్రి, నేను తయారుగనే ఉన్న,” అన్నది అవ్వ. అయ్యగారు ప్రార్థన చేసి, ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయారు.

చివరకు ఒకరోజు నిజంగానే ఒక మనిషి వచ్చి గడప ముందు నిలబడ్డాడు. తెల్లాయన కాదు, ఆ డ్రైవరు. పట్నం మనిషి, నడివయసు. వస్తూనే అవ్వ కాళ్ల దగ్గర కూలబడి, “మాఫ్ జెయ్యి అవ్వా,” అన్నాడు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అది.

అవ్వ మాత్రం ఆయన్ని తేరిపార చూసి, నడిపింది నువ్వా అని అడిగింది. ఆయన కాదని తల ఊపాడు. ఠాణా కాగితాల్లో కారు నడిపినవాడిగా తన పేరు రాశారట. ఒప్పుకుంటే శిక్ష చిన్నదే, నౌకరీ ఉంటుంది అని ఆఫీసులో చెప్పారట. ఈ మనిషికి ఏ మాఫీ లేదు, ఈ దేశపువాడే కాబట్టి. అవ్వ ఆయన భుజం పట్టుకుని లేపింది. “నువ్వు తొక్కలే గద బిడ్డా. నిన్నేమని మాఫ్ జెయ్యాలె?” అన్నది.

కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ఊళ్లో అందరూ చెవినిల్లు కట్టుకుని పోరారు. నిజం చెప్తే ఈ కేసు కూడా పోతుంది, నీ కాలికి జవాబుదారీ ఎవరూ ఉండరు అని. నేనూ అదే అన్నాను, కాస్త గట్టిగానే అన్నాను. కనీసం ఒకడన్నా తప్పు ఒప్పుకున్నట్టు కాగితం మీద ఉంటుంది కదా అన్నాను.

చేవెళ్ల కోర్టులో మెజిస్ట్రేటు కూర్చోమన్నా కూర్చోలేదు. కర్ర మీద ఆనుకుని నిలబడి, ఈ పిలగాడు నడపలేదు, పక్కన కూర్చున్నడు, నడిపింది తెల్లాయన అని చెప్పింది. మెజిస్ట్రేటు రాస్తున్న కలం కింద పెట్టాడు. ఆ మనిషిని ఈ కోర్టుకు పిలిచే అధికారం తనకు లేదని మెల్లగా చెప్పాడు. డ్రైవరును వదిలేశారు. నడపనివాడి తప్పు కాదు, నడిపినవాడిని అడగరాదు. కాగితాల ప్రకారం మా అవ్వను ఎవరూ గుద్దలేదు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. డ్రైవరు దూరం నుంచే దండం పెట్టి, వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ పోయాడు. అవ్వ వంకర కాలు చాపుకుని నిమురుకుంది.

“మరి ఇగ నేను ఎవల్ని మాఫ్ జెయ్యాలె బిడ్డా?” అని అడిగింది.

ఎత్తిపొడవడానికి కాదు, నిజంగానే అడిగింది. కోపమొచ్చి, లే అవ్వా, పొద్దు పోతున్నది అని కసిరి చెయ్యి అందించాను.